జ్వరం వచ్చిన ఇల్లు: మొదటి గంట నుంచి మళ్లీ బడికి పంపేదాకా

వానలు పడ్డాక రెండు మూడు వారాలకు ఇంట్లో ఎవరో ఒకరు ఒళ్లు వెచ్చబడిందంటారు. ముందు పిల్లాడు, రెండు రోజులకు తల్లి, ఆ తర్వాత నానమ్మ. ఇలాంటి రోజుల్లో ఇళ్లలో జరిగే పొరపాట్లు చాలావరకు మందు దొరక్క జరిగేవి కావు. మందు ఎన్నింటికి వేశారు, ఎన్ని ఎంఎల్ పోశారు, బిడ్డ మూత్రం ఎప్పుడు పోశాడు అన్న లెక్కంతా ఒక్కరి బుర్రలో ఉండిపోవడం వల్ల జరిగేవి. ఆ ఒక్కరు సాధారణంగా అమ్మ. ఆమె కాసేపు కన్నుమూస్తే నాన్న మళ్లీ సిరప్ పోస్తాడు. ఆమే మంచాన పడితే నానమ్మ షుగర్ మాత్ర ఏ డబ్బాలో ఉందో ఎవరికీ తెలియదు.

అందుకే ఈ మార్గదర్శి మందుల కంటే ముందు లెక్కతో మొదలవుతుంది. ఇంట్లో చేయగలిగింది ఏమిటో, ఎక్కడ ఆగి డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలో చెబుతుంది. డాక్టర్ రాసిన చీటీకి ఇది బదులు కాదు.

వానాకాలానికి ముందే: ఒక డబ్బా, ఒక క్యాలెండర్

మూతున్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీసుకుని అందులో ఇవి పెట్టండి:

- డిజిటల్ థర్మామీటర్. పాదరసం ఉన్న గాజుది ఇంకా వాడుతుంటే మానేయండి. పగిలితే పాదరసం ఏరడం ఇంట్లో అయ్యే పని కాదు.
- పెద్దలకు పారాసిటమాల్ మాత్రలు, పిల్లలకు పారాసిటమాల్ సిరప్. సిరప్ ఒకే బలం ఉన్నది ఒక్క సీసా మాత్రమే. ఎందుకో కింద చెబుతాం.
- సూది లేని 5 ఎంఎల్, 10 ఎంఎల్ సిరంజీలు.
- లీటరు నీళ్లలో కలిపే ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు నాలుగైదు.
- ఐదేళ్లలోపు పిల్లలుంటే జింక్ మాత్రలు లేదా సిరప్.
- ఉబ్బసం ఉన్నవాళ్లో పెద్దవాళ్లో ఉంటే, రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే, వేలికి పెట్టే ఆక్సిమీటర్.

డబ్బా పిల్లలకు అందని ఎత్తులో ఉండాలి. పొయ్యి పైనున్న అలమారా వద్దు, ఆ వేడికి మందులు పాడవుతాయి.

ఇక క్యాలెండర్. పాల లెక్క, గ్యాస్ బండ మార్చిన తేదీ రాసుకునే పెద్ద గళ్ల క్యాలెండర్ ప్రతి ఇంట్లో గోడకు ఉంటుంది. జ్వరం లెక్కకు దానికి మించినది లేదు. దాని వెనక అట్ట మీద ఒక కాగితం అంటించి పిల్లల బరువు, ఎవరికి ఏ మందు పడదు, పెద్దవాళ్లు రోజూ వేసుకునే మాత్రల పేర్లూ వేళలూ, దగ్గర్లోని పిల్లల డాక్టర్ నంబరు, రాత్రి పిలిస్తే వచ్చే ఆటో అతని నంబరు, 108 రాయండి.

బరువు ఎందుకంటే, పిల్లల మందు లెక్క వయసును బట్టి కాదు, బరువును బట్టి. ఇంట్లో తూకం యంత్రం ఉంటే మీరు బిడ్డనెత్తుకుని ఒకసారి, ఒక్కరే ఒకసారి ఎక్కి తేడా తీయండి. లేకపోతే అంగన్‌వాడీలో తూయిస్తారు. మూడు నెలలకోసారి దిద్దాలి. పోయినేడాది బరువుతో ఈ ఏడాది మందు పోస్తే చాలదు, బిడ్డ జ్వరం దిగలేదని మందు మార్చే దాకా పోతుంది వ్యవహారం.

మొదటి గంటలో

1. నుదురు మీద చెయ్యి పెట్టి తేల్చకండి. చంకలో చెమట తుడిచి థర్మామీటర్ పెట్టి, చెయ్యి ఒంటికి ఆనించి, బీప్ వచ్చేదాకా ఆగండి. 100.4 డిగ్రీలు దాటితే జ్వరం. చంకలో చూసిన అంకెకు ఒక డిగ్రీ కలపడం, తీయడం వద్దు. ఎంత వచ్చిందో అంతే రాసి, పక్కన ‘చంక’ అని రాయండి. కలపాలో లేదో డాక్టర్ చూసుకుంటారు.

2. బిడ్డకు మూడు నెలలు నిండకపోతే ఇక్కడితో ఈ మార్గదర్శి పక్కన పెట్టండి. 100.4 ఉన్నా, ఒళ్లు మరీ చల్లబడినా, పాలు తాగడం మానినా, మందు వేయకుండానే ఆసుపత్రికి వెళ్లాలి. అంత చిన్న బిడ్డలో జ్వరం ఎందుకొచ్చిందో ఇంట్లో తేల్చే దారి లేదు.

3. చొక్కా పైకెత్తి, బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు, పొట్ట ఎగిసిపడటం చూస్తూ నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కించండి. అర నిమిషం లెక్కించి రెట్టింపు చేస్తే తప్పు వస్తుంది, చిన్నపిల్లల ఊపిరి ఒకే తీరున సాగదు. రెండు నెలల లోపు 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40 లేదా అంతకు మించితే అది ఊపిరితిత్తుల జబ్బు కావచ్చు. డొక్కలు లోపలికి లాగుతున్నా అంతే. ఆ రోజే డాక్టర్‌కు చూపించాలి.

4. ఒంటి మీద దద్దుర్లున్నాయా చూడండి. చంకలు, గజ్జలు, చెవుల వెనక, నడుము పట్టీ దగ్గర సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పెచ్చు కనిపిస్తే డాక్టర్‌కు తప్పకుండా చూపించండి. అది స్క్రబ్ టైఫస్ గుర్తు కావచ్చు. పొదల్లో, గడ్డిలో ఉండే చిన్న పురుగు కుట్టిన చోటు అది. నొప్పి, దురద ఉండవు కాబట్టి రోగికి దాని సంగతి తెలియదు. త్వరగా గుర్తిస్తే డాక్సీసైక్లిన్ అనే యాంటిబయాటిక్‌కు బాగా లొంగుతుంది, ఆలస్యమైతే ఐసీయూ దాకా పోతుంది.

5. క్యాలెండర్‌లో ఆ గడిలో ‘జ్వరం 1వ రోజు’ అని రాయండి. ఉదయం వచ్చిందా, రాత్రి వచ్చిందా కూడా. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది కానీ, డెంగీ అయినా టైఫాయిడ్ అయినా ఏ పరీక్ష ఎప్పుడు చేయించాలన్నది ఈ అంకె మీదే ఆధారపడుతుంది. ‘నాలుగైదు రోజుల నుంచండీ’ అంటే డాక్టర్‌కు పనికిరాదు.

ఆక్సిమీటర్ వాడితే ఒక్క మాట. ఆషాఢంలో గోరింటాకు ముదురుగా పండిన వేలు, నెయిల్ పాలిష్ వేసిన వేలు ఆ యంత్రాన్ని తికమక పెట్టొచ్చు. రంగు లేని వేలికి పెట్టి, అంకె నిలకడగా వచ్చేదాకా చెయ్యి కదపకుండా చూడండి. 94 లేదా అంతకు తక్కువ వస్తే డాక్టర్‌ను కలవండి.

పారాసిటమాల్ లెక్క

మందు జ్వరాన్ని నయం చేయదు, బిడ్డకు హాయినిస్తుంది. 101 ఉన్నా ఆడుకుంటూ నీళ్లు తాగుతుంటే మందు వేయకపోయినా నష్టం లేదు. 100.5 ఉండి ఒళ్లునొప్పులతో ఏడుస్తుంటే వేయొచ్చు. అంకెను కాదు, బిడ్డను చూడండి.

మోతాదు: కిలో బరువుకు ఒకసారికి 15 మిల్లీగ్రాములు. రెండు మోతాదుల మధ్య కనీసం 4 గంటలు, వీలైతే 6 గంటలు. 24 గంటల్లో నాలుగుసార్లకు మించకూడదు.

గొడవంతా ఇక్కడుంది. పారాసిటమాల్ మన మెడికల్ షాపుల్లో మూడు బలాల్లో దొరుకుతుంది: చుక్కల మందులో 1 ఎంఎల్‌కు 100 మి.గ్రా., ఒక సిరప్‌లో 5 ఎంఎల్‌కు 120 మి.గ్రా., ఇంకో సిరప్‌లో 5 ఎంఎల్‌కు 250 మి.గ్రా. పది కిలోల బిడ్డకు కావాల్సింది 150 మి.గ్రా. అంటే చుక్కల మందయితే 1.5 ఎంఎల్, 120 సిరప్ అయితే సుమారు 6 ఎంఎల్, 250 సిరప్ అయితే 3 ఎంఎల్. 120 సిరప్‌కు అలవాటు పడ్డ చెయ్యి 250 సీసాలోంచి 6 ఎంఎల్ పోస్తే రెట్టింపు పడింది. చుక్కల సీసాలోంచి 6 ఎంఎల్ పోస్తే నాలుగు రెట్లు. ఇలా రెండు రోజులు సాగితే కాలేయం దెబ్బతింటుంది. అందుకే ఇంట్లో ఒకే సీసా ఉండాలన్నది. దాని మీద స్కెచ్ పెన్నుతో ‘చిన్నోడికి 3 ఎంఎల్’ అని రాసేయండి. వంటింటి చెంచాతో కొలవద్దు. ఆ చెంచాల్లో 3 ఎంఎల్ పట్టేదీ ఉంటుంది, 8 ఎంఎల్ పట్టేదీ ఉంటుంది.

పెద్దలకు 500 లేదా 650 మి.గ్రా. మాత్ర, ఆరు గంటలకోసారి. డోలో 650 రోజుకు నాలుగుకు మించొద్దు. ‘జలుబు మాత్ర’ అని షాపులో ఇచ్చే వాటిలో చాలావాటిలో పారాసిటమాల్ కలిసే ఉంటుంది. అట్ట వెనక చదవకుండా రెండూ కలిపి వేసుకుంటే లెక్క తప్పినట్టే. కాలేయం జబ్బున్నవాళ్లు, రోజూ మద్యం తాగేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా వేసుకోవద్దు.

వేయకూడనివి కొన్ని. ఆస్పిరిన్ పిల్లలకు వద్దే వద్దు. నిమెసులైడ్‌ను 12 ఏళ్లలోపు పిల్లలకు మన దేశంలో 2011లోనే నిషేధించారు, అయినా పాత స్ట్రిప్పులు ఇళ్లలో తిరుగుతూనే ఉంటాయి. డెంగీ కాదని తేలేదాకా ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ ఎవరికీ వద్దు, రక్తస్రావం ముప్పు పెంచుతాయి. ఊళ్లో ఆర్‌ఎంపీ వేసే ‘ఒక్క సూదితో దిగిపోయే’ ఇంజక్షన్ చాలాసార్లు డైక్లోఫినాకే. జ్వరం దిగినట్టే ఉంటుంది, లోపల జబ్బు తన దారిన తాను పోతుంది. తప్పక వేయించుకోవాల్సి వస్తే మందు పేరు చీటీ మీద రాయించుకోండి. రాసివ్వనంటే ఆ సూది వద్దని లేచి రండి.

చలితో వణుకుతున్నప్పుడు దుప్పటి కప్పండి. వణుకు ఆగగానే తీసి పల్చటి బట్ట ఉంచండి. గోరువెచ్చటి నీళ్లలో ముంచిన బట్టతో తుడవొచ్చు. ఐసు నీళ్లు, స్పిరిట్, కొలోన్ వద్దు. చర్మం చల్లబడి వణుకు పుడితే లోపలి వేడి ఇంకా పెరుగుతుంది.

జ్వరంతో ఫిట్స్ వస్తే (ఆరు నెలల నుంచి ఐదేళ్ల మధ్య పిల్లల్లో వస్తుంటుంది) నేల మీద ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి గడియారం చూడండి. నోట్లో చెంచా, వేలు, నీళ్లు ఏవీ పెట్టకూడదు. చేతిలో తాళాలగుత్తి పెట్టడం, ముక్కు దగ్గర ఉల్లిపాయ పెట్టడం వల్ల ఫిట్స్ ఆగవు. అవి మామూలుగా రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగుతాయి, ఆ గొప్ప తాళాలగుత్తికి వస్తుంది. 5 నిమిషాలు దాటినా, ఒకే రోజు రెండోసారి వచ్చినా 108. మొదటిసారి వచ్చినప్పుడు, ఆగిపోయినా సరే, డాక్టర్‌కు చూపించాలి.

తిండి: లంఖణం పరమౌషధం కాదు

పెద్దవాళ్లకు ఒక పూట ఆకలి లేక తినకపోతే ఫరవాలేదు. పిల్లల్ని, షుగర్ ఉన్నవాళ్లని జ్వరమని పస్తు పెట్టడం మాత్రం తప్పు. జ్వరంలో ఒళ్లు ఎక్కువ ఖర్చు పెడుతుంది. రెండు గంటలకోసారి కొంచెం కొంచెంగా ఉప్పు వేసిన గంజి, రాగి జావ, పెసరకట్టు, మెత్తగా పిసికిన చారన్నం, ఇడ్లీ, మజ్జిగ పెట్టండి. జ్వరంలో పెరుగు పెడితే జలుబు చేస్తుందన్న భయానికి ఆధారం లేదు. ఏడాది నిండని బిడ్డకు తేనె మాత్రం నాకించొద్దు. అందులో ఉండగల బొటులిజం (కండరాలు చచ్చుబడే జబ్బు) బీజాలు ఆ వయసు పేగుల్లో మొలకెత్తగలవు.

దిష్టి తీయాలనుకుంటే తీయండి, ఎవరికీ నష్టం లేదు. ఎండుమిర్చి పొగ, సాంబ్రాణి పొగ మాత్రం దగ్గే బిడ్డ ఉన్న గదిలో వద్దు. కర్పూరం, నీలగిరి తైలం చిన్నపిల్లల ముక్కు దగ్గరికీ, నోటి దగ్గరికీ రానీయొద్దు. కర్పూరం కొంచెం మింగినా ఫిట్స్ వస్తాయి.

వాంతులు, విరేచనాలు

ఓఆర్‌ఎస్ పనిచేసే తీరు తెలిస్తే ఎలా కలపాలో మర్చిపోరు. పేగు గోడలో ఉప్పూ గ్లూకోజూ జతగా లోపలికి వెళ్తాయి, వాటి వెంట నీరు వెళ్తుంది. విరేచనాలవుతున్నప్పుడు కూడా ఈ దారి మూసుకుపోదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో, సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ కలరా రోగులకు దీన్నే డ్రమ్ముల్లో కలిపి తాగించి ఎందరినో బతికించారు. పాళ్లు తప్పితే మాత్రం కథ తిరగబడుతుంది. చక్కెర ఎక్కువైతే అది నీటిని పేగులోకే లాగి విరేచనాలు పెంచుతుంది. కూల్‌డ్రింకులు, డబ్బా జ్యూసులు పనికిరానిది అందుకే.

కలపడం: సుమారు 21 గ్రాముల పెద్ద ప్యాకెట్ మొత్తం, కాచి చల్లార్చిన ఒక లీటరు నీళ్లలో ఒకేసారి. సగం పొడి గ్లాసులో వేసి మిగతాది మడిచి దాచడం వల్లే పాళ్లు తప్పుతాయి. చిన్న ప్యాకెట్లయితే 200 ఎంఎల్‌కు ఒకటి. లీటరు వాటర్ బాటిల్ ఉంటే కొలత గురించి బెంగ లేదు. కలిపింది 24 గంటల్లో వాడి, మిగిలితే పారబోయాలి. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లకు 6 తల తీసిన టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు. రుచి చూడండి: కన్నీటి కంటే ఉప్పగా ఉంటే పారబోసి మళ్లీ కలపండి.

కొనేటప్పుడు ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్‌ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) ఫార్ములా అని ఉందో లేదో చూడాలి. పేరులో ‘ఓఆర్‌ఎస్’ తగిలించుకుని, చక్కెర దండిగా ఉన్న టెట్రా ప్యాక్ పానీయాలు ఏళ్ల తరబడి మెడికల్ షాపుల్లో అమ్ముడుపోయాయి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ దీనిమీద ఏళ్లపాటు పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలా పేరు పెట్టుకోవడానికి వీల్లేదంది. పాత సరుకు ఇంట్లో ఉంటే అది మందు కాదని గుర్తుంచుకోండి.

తాగించడం: ప్రతి విరేచనం తర్వాత రెండేళ్లలోపు పిల్లలకు 50 నుంచి 100 ఎంఎల్, రెండేళ్లు దాటితే 100 నుంచి 200 ఎంఎల్. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, సిరంజీతో 5 ఎంఎల్ చొప్పున రెండు నిమిషాలకోసారి. ఇలా గంటకు 150 ఎంఎల్ లోపలికి వెళ్తుంది, సెలైన్ కంటే తక్కువేమీ కాదు. దాహంగా ఉందని గ్లాసు నోటికందిస్తే మొత్తం వాంతవుతుంది. ‘ఏం తాగించినా కక్కేస్తున్నాడు’ అని ఆసుపత్రికి తెచ్చే పిల్లల్లో కొందరికి అక్కడ నర్సు చేసే పని కూడా ఈ సిరంజీ లెక్కే.

దాంతోపాటు జింక్, 14 రోజులు: రెండు నుంచి ఆరు నెలల బిడ్డకు రోజుకు 10 మి.గ్రా., ఆరు నెలలు దాటితే 20. విరేచనాలు మూడో రోజుకే ఆగుతాయి కాబట్టి అందరూ అక్కడ మానేస్తారు. మిగతా రోజులదే అసలు లాభం, తర్వాతి నెలల్లో మళ్లీ రాకుండా కాపాడుతుంది. తల్లిపాలు ఆపకూడదు. విరేచనాలు ‘కట్టేసే’ మాత్రలు పిల్లలకు వద్దు. మలంలో రక్తం, లోపలికి పోయిన కళ్లు, గిల్లి వదిలితే మెల్లగా సర్దుకునే పొట్ట చర్మం, ఎనిమిది గంటలుగా మూత్రం లేకపోవడం: వీటిలో ఏది కనిపించినా ఆసుపత్రి.

మూడో రోజు నుంచి ఏడో రోజు దాకా: డెంగీ కిటుకు

డెంగీ మనుషుల్ని మోసం చేసేది జ్వరం దిగినప్పుడు. ‘హమ్మయ్య, తగ్గింది’ అని పిల్లను బడికి పంపే రోజే ప్రమాదం మొదలయ్యే రోజు కావచ్చు. మూడు నుంచి ఏడో రోజు మధ్య జ్వరం దిగుతుండగా రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారడం మొదలై ఒకటి రెండు రోజులు సాగుతుంది. అందుకే క్యాలెండర్‌లో జ్వరం దిగిన గడి చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, ఆ తర్వాతి 48 గంటలు మరింత కాపలా కాయండి.

ఆ రోజుల్లో చూడాల్సినవి: తగ్గని కడుపునొప్పి, ఒక రోజులో మూడు వాంతులు, చిగుళ్లలో, ముక్కులో రక్తం, నల్లటి మలం, చేతులూ కాళ్లూ చల్లబడటం, మగతగా ఉండటం లేదా ఉన్నట్టుండి చిరాకు, కుదురు లేకపోవడం, ఆరు గంటలుగా మూత్రం రాకపోవడం. ఆడవాళ్లకు నెలసరి వేళ కాకుండా రక్తస్రావమైనా సరే. ఒక్కటి కనిపించినా అర్ధరాత్రయినా వెళ్లాలి.

పరీక్షల సంగతి: డెంగీ వైరస్‌ ముక్కను పట్టే ఎన్‌ఎస్1 పరీక్ష మొదటి ఐదు రోజుల్లో పనికొస్తుంది, ఆ తర్వాత ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీలను చూసే ఐజీఎం. మొదటి రోజే ఐజీఎం చేయించి ‘డెంగీ లేదట’ అనుకోవడం డబ్బు దండగ. రక్తపరీక్ష కాగితంలో అందరి కళ్లూ ప్లేట్‌లెట్ల మీదే ఉంటాయి. అదే కాగితంలో పీసీవీ లేదా హెమటోక్రిట్ అని ఉంటుంది, రక్తంలో ఎర్రకణాల వాటా ఎంతో చెప్పే అంకె. అది రోజురోజుకీ పెరుగుతూ ప్లేట్‌లెట్లు పడిపోతుంటే రక్తంలో నీరు బయటికి పోతోందన్నమాట. అసలు కబురు అది. రక్తస్రావం లేనప్పుడు ప్లేట్‌లెట్లు పదివేల దిగువకు పడేదాకా సాధారణంగా ఎక్కించక్కర్లేదు. లక్షకు తగ్గాయని ప్లేట్‌లెట్ల దాతల కోసం వాట్సాప్ గ్రూపుల్లో అర్జీలు పెట్టే ముందు డాక్టర్‌ను పీసీవీ ఎంతని అడగండి. బొప్పాయి ఆకు రసం మీద గట్టి ఆధారాలు లేవు. పైగా ఆ చేదుకు వాంతయితే అది జబ్బు వల్లా, రసం వల్లా అని తేల్చడం కష్టం.

ఇంట్లో చేసే వైద్యం ద్రవాలే. పెద్దలకు రోజుకు రెండున్నర నుంచి మూడు లీటర్లు, పది కిలోల బిడ్డకు సుమారు లీటరు, ఇరవై కిలోల బిడ్డకు లీటరున్నర. ఓఆర్‌ఎస్, కొబ్బరినీళ్లు, గంజి, మజ్జిగ మార్చి మార్చి ఇవ్వండి. వట్టి నీళ్లే లీటర్ల కొద్దీ పోయొద్దు. గుండె, కిడ్నీ జబ్బులున్న పెద్దలకు ఈ లెక్క డాక్టరే చెప్పాలి.

జ్వరం ఉన్న మొదటి ఐదారు రోజులు రోగిని పగటిపూట కూడా దోమతెరలో ఉంచండి. డెంగీ దోమ పగలు కుడుతుంది, ఈ రోగిని కుట్టి ఇంట్లో మిగతావాళ్లను కుడుతుంది. కూలర్ తొట్టి, ఫ్రిజ్ వెనక పళ్లెం, మేడ మీద పాత టైరు వారానికోసారి ఆరబెట్టాలి. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. వారానికోసారి నీళ్లన్నీ ఒంపి ఆరబెట్టే ‘శుక్రవారం డ్రై డే’ లెక్క అక్కడినుంచి వచ్చిందే.

జ్వరం ఐదు రోజులు దాటినా దిగకపోతే టైఫాయిడ్ అనుమానం వస్తుంది. యాంటిబయాటిక్ మొదలుపెట్టకముందే బ్లడ్ కల్చర్‌కు (రక్తంలోని సూక్ష్మజీవిని పెంచి చూసే పరీక్ష) రక్తం ఇవ్వాలి. షాపులో రెండు మాత్రలు అడిగి వేసుకున్నాక కల్చర్‌లో ఏమీ మొలవకపోవచ్చు. టైఫాయిడ్‌కు చేసే విడాల్ అనే రక్తపరీక్షను నమ్ముకోవద్దు, మొదటి వారంలో మరీను.

దగ్గు, జలుబు

ఇక్కడ చెప్పాల్సింది తక్కువ. జలుబు మందు వేస్తే వారం, వేయకపోతే ఏడు రోజులు. ఉప్పునీటి చుక్కలు ముక్కులో, ఏడాది దాటిన పిల్లలకు రాత్రి అర చెంచా తేనె, పెద్దలకు మిరియాల చారు. రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు సిరప్‌లు వద్దని కేంద్ర ఆరోగ్య శాఖ 2025 అక్టోబరులో మళ్లీ చెప్పింది. ఐదేళ్లలోపు కూడా మామూలుగా అవసరం లేదు. జలుబు తర్వాత పిల్లల్లో దగ్గు రెండు మూడు వారాలు ఉండటం సహజం. పెద్దలకు మాత్రం రెండు వారాలు దాటితే టీబీ కాదని తేల్చుకోవడానికి కళ్లె పరీక్ష చేయించాలి.

సెలవు ఎవరిది, రాత్రి కాపలా ఎవరిది

ఉదయం ఏడింటికి, ఒకరు షూ వేసుకుంటుండగా ఈ మాట తేలదు, తగువు మాత్రం తేలుతుంది. ముందు రాత్రే క్యాలెండర్‌లో రాయండి. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో రోజంతా ఒకరే సెలవు పెట్టే కంటే ఒంటిగంట దాకా ఒకరు, తర్వాత ఇంకొకరు హాఫ్ డే పెట్టుకుంటే మూడు రోజుల జ్వరం ఒక్కరి క్యాజువల్ లీవులన్నీ తినేయదు. రాత్రి పది నుంచి రెండు ఒకరు, రెండు నుంచి ఆరు ఇంకొకరు. కాపలా మారేటప్పుడు చెప్పాల్సినవి నాలుగు: చివరి మందు ఎన్నింటికి, చివరి జ్వరం ఎంత, ఎంత తాగాడు, మూత్రం ఎప్పుడు. గడిలో రాసి ఉంటే లేపి చెప్పక్కర్లేదు.

ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) కార్డున్నవాళ్లు తమకే జబ్బు చేస్తే మొదటి రోజే డిస్పెన్సరీలో చూపించి సర్టిఫికెట్ తీసుకోవాలి. తగిన చందా రోజులుంటే సెలవు రోజులకు సగటు జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా వస్తుంది. పిల్లల జబ్బుకు ఇది వర్తించదు.

అమ్మకే జ్వరమొస్తే? అన్నం ఇంట్లో వండి కూరలు కర్రీ పాయింట్ నుంచి తెచ్చుకోండి. ఇడ్లీ పిండి, గుడ్లు, చారుపొడి ఉంటే మూడు రోజులు గడుస్తాయి. జ్వరంతో లేచి వంట చేసిన అమ్మను మెచ్చుకునే బదులు, ఆ మూడు రోజులు ఆమెను మంచం దిగనీయకండి. పాలిచ్చే తల్లయితే మామూలు జ్వరాలకు, జలుబుకు పాలు ఆపక్కర్లేదు. మాస్కు పెట్టుకుని, చేతులు కడుక్కుని ఇవ్వొచ్చు. పారాసిటమాల్ వేసుకున్నా ఇవ్వొచ్చు.

పెద్దవాళ్లలో జ్వరం అంకె నమ్మకండి. ఒళ్లు పెద్దగా కాలకపోయినా, ఉన్నట్టుండి మతి తప్పినట్టు మాట్లాడటం, తినకపోవడం, తూలి పడటమే జబ్బు గుర్తులు కావచ్చు. షుగర్ ఉన్నవాళ్లు తినలేకపోతే సొంతంగా ఇన్సులిన్ మానేయొద్దు, పూర్తి మోతాదు వేసుకోనూ వద్దు. గ్లూకోమీటర్‌తో చూసి డాక్టర్‌కు ఫోన్ చేయాలి. వాంతులు, విరేచనాలున్నప్పుడు బీపీ మాత్రలు, షుగర్‌కు వేసుకునే మెట్‌ఫార్మిన్ మాత్రల సంగతీ అడగాలి. పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉండి అమ్మానాన్న ఊళ్లో ఇద్దరే ఉంటే, ‘ఎలా ఉంది నాన్నా’ అన్న ఫోన్‌కు ‘బాగానే ఉందిలేరా’ అనే జవాబు వస్తుంది. రోజూ సాయంత్రం ఆ క్యాలెండర్ గడి ఫోటో పంపమనండి.

ఆసుపత్రికి బయల్దేరేటప్పుడు

క్యాలెండర్ కాగితం చించో, ఫోటో తీసో తీసుకెళ్లండి. వేసిన మందుల స్ట్రిప్పులు ఖాళీవైనా సంచిలో వేయండి. ఆధార్, ఆరోగ్యశ్రీ లేదా బీమా కార్డు, పాత చీటీలు, ఫోన్ చార్జరు, రెండు జతల బట్టలు, వాంతికి ఒక కవరు. ఊపిరి ఆడకపోయినా, లేపితే లేవకపోయినా, ఆగని ఫిట్స్ ఉన్నా బైక్ మీద మధ్యలో కూర్చోబెట్టి తీసుకెళ్లొద్దు. 108కు ఫోన్ చేసి ఊరు, వీధి, దగ్గర్లోని గుడో బడో గుర్తుగా చెప్పండి, ఒకరు రోడ్డు మీదికి వెళ్లి నిలబడాలి.

మళ్లీ బడికి, పనికి

మందు వేయకుండా 24 గంటలు జ్వరం లేకుండా ఉంటే బడికి పంపొచ్చు. వాంతులు, విరేచనాలు ఆగాక 48 గంటలు. అమ్మవారు పోస్తే పొక్కులన్నీ పెచ్చుకట్టేదాకా. వేపాకు పరుపు మీద పడుకోబెట్టుకోవచ్చు, కానీ స్నానం మాన్పించొద్దు, గోళ్లు కత్తిరించాలి, చీము పడితే చూపించాలి. డెంగీ తర్వాత నీరసం రెండు మూడు వారాలు ఉంటుంది. ఆటల పీరియడ్ వద్దని టీచర్‌కు చీటీ రాయండి.

విరేచనాలు తగ్గిన పిల్లలకు రెండు వారాల పాటు రోజుకు ఒక పూట అదనంగా పెట్టాలి, పోయిన బరువు అప్పుడే తిరిగొస్తుంది. నెల చివర తూచి అట్ట మీది కాగితంలో కొత్త అంకె వేయండి. తెరిచి నెల దాటిన సిరప్ సీసాను పారబోసి, అయిపోయిన ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, థర్మామీటర్ బ్యాటరీ తెచ్చి డబ్బాలో పెట్టండి.